డెడే మామ్మ బతికుండగా రాయించుకున్న నివాళి

జేమ్స్‌టౌన్‌లో ఎవరు పోయినా ముందు లాంటే అనే ఆయనకి కబురొచ్చేది. చర్చిలో చదివే నివాళి రాసేదీ ఆయనే, గొంతు సవరించుకుని చదివేదీ ఆయనే. ఇరవై రెండేళ్లలో ఆయన రాసినవాళ్లలో చెడ్డవాడు ఒక్కడూ లేడు. పెళ్లాన్ని తన్నినవాడు ప్రేమమూర్తి, పక్కింటి మేకను కోసుకు తిన్నవాడు దానశీలి. పేరొక్కటే మారేది, మిగతాదంతా కంప్యూటర్‌లో ఎప్పుడో కొట్టి పెట్టుకున్న సరుకే. పైగా కొట్టు మీద ‘రచయిత’ అని బోర్డు కూడా పెట్టుకున్నాడు మహానుభావుడు!

ఒకరోజు పొద్దున్నే కెంకే అనే పులిసిన మొక్కజొన్న పిండి ముద్దలు అమ్మే డెడే మామ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి బల్ల మీద కూలబడింది.

“క్రిస్మస్ దాకా ఉండనన్నాడ్రా డాక్టరు. నా నివాళి ఇప్పుడే రాసి చదువు. పోయాక నాకు వినబడి చావదు కదా!”

లాంటే అలవాటుగా నాలుగు మీటలు నొక్కి చదివాడు. “మృదుభాషిణి, శాంతమూర్తి...”

“ఆగాగు! ఎవత్తిరా అది? ఇన్నేళ్లు నా చేతి కెంకే తిన్నావు, ఆ మహాతల్లెవరో నేనెరగను. దాని చావుకి నేను రాను, ఫో!”

మూడుసార్లు రాశాడు, మూడుసార్లూ కాగితం చించింది. లాంటేకి ఒళ్లు మండింది.

“ఏం రాయమంటావ్ మామ్మా? నువ్వు నోరు తెరిస్తే వీధంతా తలుపులేసుకునేదని రాయనా?”

“రాయి మరి! ఎవడొద్దన్నాడు?”

ఆ మంట మీదే కొట్టాడు. చిన్నప్పుడు తన తల్లి చనిపోయాక ఏడాదిపాటు ‘నా నెత్తిన పడ్డావురా దరిద్రుడా’ అని తిడుతూనే మామ్మ రోజూ కెంకేతో పెద్ద చేప పెట్టిందనీ, తను అది తింటూ ఏడ్చేవాడిననీ రాశాడు. చదువుతూ చదువుతూ ఏడ్చేశాడు. తన రాతకు తనే ఏడవడం ఆయనకు అదే మొదలు.

“ఆఁ, ఇది నేను,” అంది మామ్మ. “చేప పెద్దదేం కాదు. అబద్ధాలు రాయకు.”

నవంబరులో పోయింది. కొడుకు ఆ కాగితం చూసి అదిరిపడ్డాడు.

“పాస్టరుగారి ముందు మా పరువు తీస్తావా? అందరికీ రాసేదే చదువు. లేదంటే మావాళ్లెవరూ నీ గడప తొక్కరు!”

 అయినా లాంటే చర్చిలో జేబులోంచి మామ్మ ఒప్పుకున్న కాగితమే తీశాడు. ‘చేప పెద్దదేం కాదు’ అన్న మాటతో సహా చదివాడు. జనం పగలబడి నవ్వారు, నవ్వుతూనే ఏడ్చారు. అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆ కొడుకే.

సోమవారం కొట్టు తెరిచేసరికి ఒకడు కాచుకుని ఉన్నాడు.

“మా నాన్నక్కూడా అదే ఇచ్చెయ్యన్నా, చేపతో సహా. పేరు మారిస్తే చాలు.”

“మీ నాన్న నీకెప్పుడైనా చేప పెట్టాడా?”

“ఎక్కడ! చెప్పు విసిరేవాడు.”

లాంటే కుర్చీ ముందుకు జరిపాడు. “కూర్చో. ఏ కాలిది విసిరేవాడో చెప్పు.”