జనవరి ఒకటిన తొలి అడుగు

క్రిస్మస్ వెళ్ళిన వారంలోనే మా పెద్దాయన పోయారు. పశువుల కొట్టంలో ఎండుగడ్డి వేస్తూ పడిపోయారట. ఆయన భార్య, నేను ఆంటీ అని పిలిచే ఆవిడ, ఫోన్ చేసి, "ఆయన వెళ్ళిపోయారమ్మా" అని ఒక్క మాటే అన్నారు. ఎనభై దాటిన మనిషే. అయినా ఆయన పోతారని ఎన్నడూ అనుకోలేదు. పొద్దున్నే కిటికీలోంచి చూస్తే ఆయన ట్రాక్టర్ లైటు కనపడాలి, అంతే.

ఆయన నాకు బంధువు కాదు. కెనడాలో విన్నిపెగ్ నగరం నుంచి గంటన్నర దూరంలో, ఆయన పొలం చివరనున్న పాత ఇంట్లో అద్దెకుంటున్నాను. మా ఆయన పోయాక ఇక్కడి ఊళ్ళో వృద్ధుల కేర్ హోమ్‌లో వంట పని దొరికి వచ్చాను. "అంకుల్" అని పిలిస్తే మొదట్లో, "నాకు తోబుట్టువులే లేరు, అంకుల్‌ని ఎలా అయ్యాను?" అని తెల్లబోయారు. తర్వాత పోస్టాఫీసులో అందరికీ మేనకోడలినని పరిచయం చేసేవారు.

ఆయన ముత్తాత స్కాట్లాండ్ నుంచి వచ్చి ఈ నేల దున్నాడు. ఇక్కడ ఏటా మంచు కరిగేసరికి భూమిలోని రాళ్ళు పైకి తేలతాయి. విత్తే ముందు వాటిని ఏరాలి. ఏరి పోసిన రాళ్ళు పొలం గట్టున ఇల్లంత కుప్ప అయ్యాయి. "మా ముత్తాత సముద్రం దాటి వచ్చింది రాళ్ళు ఏరడానికే. గోధుమలు మధ్యలో దొరికాయి" అనేవారు నడుం పట్టుకుని. దారిలో ఎదురైతే స్టీరింగ్ మీద నుంచి ఒక్క వేలు లేపేవారు. అదే ఆయన పలకరింపు. సంతోషం ఎక్కువైతే రెండు వేళ్ళు.

ఆ ఇంట్లో తాతల నాటి ఆచారం ఒకటుంది. కొత్త సంవత్సరంలో గడప దాటి వచ్చే మొదటి మనిషిది నల్ల జుట్టయి ఉండాలి. చేతిలో రొట్టె, ఉప్పు, బొగ్గు ఉండాలి. అప్పుడే ఏడాదంతా కలిసొస్తుందట. ఆ మనిషి వచ్చేదాకా ఇంట్లోవాళ్ళు బయట కాలు పెట్టరు. చుట్టుపక్కల అందరివీ రాగిరంగు జుట్లు, గోధుమరంగు జుట్లు. ఉన్న ఒక్క నల్ల జుట్టు పొరుగాయనకి బట్టతల వచ్చేసిందట.

నేనొచ్చిన మొదటి డిసెంబర్‌లో ఆయన వచ్చి ఈ సంగతి చెప్పి నన్ను రమ్మన్నారు. అంతకు ముందే ఇండియా వెళ్తే, చెల్లెలి గృహప్రవేశంలో మా పిన్ని నా మోచెయ్యి పట్టుకుని, "నువ్వు కాస్త పక్కన నిలబడమ్మా, వాళ్ళు లోపలికెళ్తున్నారు" అంది. ప్రేమగానే అంది. ఇప్పటికీ అదే కలుక్కుమంటుంది.

"నేను భర్త పోయినదాన్ని అంకుల్. మా వాళ్ళు శుభకార్యానికి నన్ను ఎదురు రానివ్వరు" అన్నాను.

ఆయన టోపీ తీశారు. "మా నాయనమ్మయితే మగాడే రావాలనేది. ఆవిడ ఇప్పుడు లేదుగా. నీ జుట్టు నల్లగానే ఉంది కదా?"

"రంగేశాను అంకుల్."

"నేనెవరికీ చెప్పను."

అప్పట్నుంచీ ప్రతి జనవరి ఒకటిన తెల్లారగానే వెళ్ళేదాన్ని. బొగ్గు ఎక్కడ దొరుకుతుంది? బార్బెక్యూ పొయ్యి బొగ్గుల సంచిలోంచి ఒక ముక్క. రొట్టె బదులు చపాతీ. తలుపు తట్టీ తట్టకముందే తెరుచుకునేది. వెనకాల పెద్దాయన కోటూ, మోకాళ్ళ దాకా బూట్లూ వేసుకుని సిద్ధంగా ఉండేవారు. "రా తల్లీ, రా. ఆవులకి క్యాలెండర్ తెలీదు" అంటూ నన్ను లోపలికి లాగి, తను బయటికి పరుగు. కొట్టంలో ఆవులు అరుస్తున్నా నా అడుగు కోసం ఆగేవారు. నా కోసం అలా ఇంకెవరు ఆగారు, చెప్పండి?

పోయిన జనవరిలో కూడా ఆ గడప మొదట దాటింది నేనే. ఆ ఏడు గడవకుండానే ఆయన పోయారు. వద్దనుకున్నా పిన్ని మాట చెవిలో మోగింది. మనకి నమ్మకాలు లేవనుకుంటాం గానీ, దుఃఖంలో అన్నీ లేచి కూర్చుంటాయి. నా అడుగు మంచిది కాదేమోనని ఆంటీకి మాత్రం తట్టకుండా ఉంటుందా? నేల గడ్డకట్టింది కాబట్టి సమాధి చేయడం మంచు కరిగాకే అన్నారు. చర్చిలో ప్రార్థన జరిగిన రోజు నేను చివరి బెంచీలో కూర్చుని, ఆంటీ కంటబడకుండా వచ్చేశాను.

జనవరి ఒకటిన తెల్లారింది. చపాతీ చేశాను, మూతపెట్టి కూర్చున్నాను. ఆవులు అరుస్తున్నాయి. ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావ్?" ఆంటీ గొంతు బొంగురుపోయి ఉంది. "పక్క పొలం వాళ్ళు మేత వేస్తామంటే ఫోన్‌లోనే వద్దన్నాను, ఎవరూ గడప తొక్కకూడదని. ముందు నువ్వు రావాలి."

"ఆంటీ, పోయినేడు కూడా నేనే కదా వచ్చింది..."

ఆంటీ నన్ను పూర్తి చేయనివ్వలేదు. "పోయినేడు నువ్వు రాకముందే చెప్పాడు డాక్టరు, ఆయన గుండె వేసవి దాటదని. ఆయనే నీకు చెప్పొద్దన్నారు. నువ్వొచ్చావు కాబట్టే డిసెంబర్ దాకా ఉన్నారని నేననుకుంటున్నా. తొందరగా రా."

తలుపు తట్టకముందే తెరుచుకుంది. వెనకాల ఆంటీ ఉన్నారు, పెద్దాయన కోటులో, పెద్దాయన బూట్లలో. నా చెయ్యి పట్టి లోపలికి లాగారు. నన్ను దాటుకుని బయటికి నడిచారు. ఉప్పు పొట్లం పట్టుకుని నేను గడప లోపల నిలబడిపోయాను. బయట ఆంటీ, కాలికి నిలవని ఆ బూట్లను మంచులో ఈడ్చుకుంటూ, ఆవుల దగ్గరికి వెళ్తున్నారు.