వ్యాను కింద ఒక వాన మధ్యాహ్నం

సముద్రం మధ్య దీవిలోని డాలీగంజ్‌లో పుట్టి పెరిగిన సుష్మకు బళ్ళంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. తండ్రి నూకయ్య జీపు కింద దూరితే పక్కన చేరి, ఆయన చెయ్యి చాపకముందే పానా అందించేది. పెళ్ళయ్యాక భర్త గణేశ్వరరావు ఓడ ఇంజను రూములో పనికి కుదిరి, నెలల తరబడి సముద్రం మీదే ఉండిపోయేవాడు. సుష్మ బడిపిల్లలను తిప్పడానికి ఒక వ్యాను కొనుక్కుని తనే నడుపుకొంటోంది.

ఈసారి దాని గేరుబాక్సు మొరాయించింది. దించి బాగు చేయించుకొచ్చి, ఆదివారం పొద్దున్నే మరిది శ్రీనుతో కలిసి ఇంటి పక్క రేకుల షెడ్డులో ఎక్కించడం మొదలుపెట్టింది. శ్రీను పడవలకు వెల్డింగు చేస్తాడు. అతను జాకీతో గేరుబాక్సును లేపి పట్టాడు. సుష్మ వెల్లకిలా పడుకుని దాన్ని ఇంజనుకు బిగించసాగింది. అన్ని బోల్టులూ సవ్యంగానే పడ్డాయి. చివరిదాన్ని ఇంకొక్క తిప్పు తిప్పబోతే, బిగువంతా పోయి పానా చేతిలో తేలికైపోయింది. బోల్టు తల తెగి ఆమె భుజం మీద పడింది. మిగతా ముక్క ఇంజనులోనే ఉండిపోయింది. ఉప్పుగాలి ఎప్పుడో తినేసిన పాత బోల్టు అది.

ముక్కను తియ్యాలంటే ఎక్కించిందంతా మళ్ళీ దించాలి.

"ఇంక ఛోడ్ దో వదినా, వదిలీ. అన్నయ్య షిప్పు వచ్చేక సూద్దాం," అన్నాడు శ్రీను.

"ఆరొచ్చినా ఈ ముక్కే కదా తియ్యాలి. దించీ."

దించారు. వేలెడు ముక్క బయటికి పొడుచుకుని ఉంది. ప్లయరు వేసి తిప్పితే జారిందే గాని కదల్లేదు. సుష్మ దాని మొదట్లో నూనె పోసి, మరల్లోకి దిగేదాకా ఆగుదామంది. శ్రీను వెల్డింగు మిషను తేవడానికి వెళ్ళాడు.

ఇంతలో వాన పట్టుకుంది. ఆమె కిందనుంచి లేవలేదు. రేకుల మీది చప్పుడు తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టుంది. కళ్ళు మూతలు పడుతుంటే, పైనున్న నల్లటి ఇనుము ఓడ అడుగులా కనిపించింది. తను నీళ్ళలో తేలుతోంది. పైన ఓడ ఎంతకీ అయిపోకుండా మెల్లగా సాగిపోతోంది. లోపల గణేశ్వరరావు కూడా ఏదో గొట్టం కింద ఇలాగే వెల్లకిలా పడుకుని ఉన్నాడని ఆమెకు తెలుస్తోంది. ఇద్దరి మధ్యా ఒక్క ఇనుప రేకే అడ్డం. చెయ్యెత్తి తాకింది. చల్లగా ఉంది. ఎన్నాళ్ళుగానో లేనంత దగ్గరగా అనిపించి, ఆ నిద్రలోనే ఆమెకు నవ్వొచ్చింది.

శ్రీను పిలిస్తే మెలకువ వచ్చింది. వాన వెలిసి, ముంగిట్లో నీళ్ళు ఎండకు మెరుస్తున్నాయి. అతను బ్యాటరీ తీగలు విప్పి ఉన్నాయో లేదో చూసుకుని, ముక్క చివర ఒక నట్టు తొడిగి వెల్డింగుతో అతికించాడు. ఎర్రబడ్డ ఇనుము మళ్ళీ నల్లబడ్డాక సుష్మ పానా తగిలించి, కాస్త ఇటూ కాస్త అటూ ఊపింది. ముందు కిర్రుమంది. తర్వాత, అలక తీరిన పిల్లలా మెత్తగా తిరగసాగింది.

"వచ్చేస్తంది," అంది సుష్మ, గట్టిగా అంటే ఆగిపోతుందేమోనన్నట్టు.

కొత్త బోల్టులతో అంతా బిగించేసరికి పొద్దు వాలింది. శ్రీనును ఎక్కించుకుని వ్యానును చాతం రేవు దాకా తోలుకెళ్ళింది. గేరు మారుస్తుంటే చప్పుడే లేదు. అవతలి ఒడ్డు బాంబూఫ్లాట్‌కు వెళ్ళే ఫెర్రీ పడవ అప్పుడే రేవు విడుస్తోంది. ఒళ్ళంతా నూనె వాసనతో, ఇంజను ఆపకుండా, ఆ పడవ చిన్నదైపోయేదాకా చూస్తూ కూర్చుంది. పక్క సీట్లో శ్రీను ఎప్పుడో నిద్రపోయాడు.