ఏది బరువని అడిగే టీచరు

మా చిన్న చెల్లెలు మొన్న పొద్దున, నేను దీపం పెట్టి లేచేసరికి కన్నుమూసింది. నెలల తరబడి ఆస్పత్రికీ ఇంటికీ తిరిగి అలసిపోయి ఉన్నాను. ఏడుపు కూడా ఇంకా సరిగా రాలేదు. ఓపిక ఉన్నంతలో నాలుగు మాటలు రాస్తాను.

తను అశోక్‌నగర్‌లో ఒక చిన్న బడిలో యూకేజీ టీచరు. ఏది బరువు, ఏది తేలిక అనే పాఠం వచ్చిందంటే చిక్కడపల్లిలో మా వంటింటి సామాను సగం బడికి వెళ్లేది. ఒకసారి పూజకు తెచ్చిన కొబ్బరికాయలే సంచిలో వేసుకుంది.

"దేవుడికి తెచ్చినయే అవి!"

"దేవుడేమనుకుంటడక్కా? సాయంత్రం కొట్టుదువు తీయ్. ఒకదాంట్ల నీళ్లున్నయి, ఇంకోటి లోపల ఎండింది. సూస్తే రెండూ ఒక్కతీరే ఉన్నయి. పిల్లలు జర పరేషాన్ కావాలె."

బొమ్మలు చూపించి చెప్పడం తనకు నచ్చదు. "కండ్లు మూసుకొని పట్టుకో. ఇప్పుడు చేతులు మార్చి మళ్ల చెప్పు" అనేది. సంచి మోసి అలసిన చేతికి అన్నీ బరువుగానే తోస్తాయట.

తనకు జబ్బు చేసి ఆపరేషన్ అయ్యాక డాక్టరు బరువులు ఎత్తవద్దన్నారు. "ఇగ బడి మానెయ్యే" అన్నాను.

"నేనేం మోస్త? పిల్లలు మోస్తరు. నేను ఉత్తగ అడుగుత. వీళ్ల పరీక్షలు కానియ్యి అక్కా."

మానేలా చూడమని దేవుణ్ని వేడుకున్నాను.

ఒక మధ్యాహ్నం నారాయణగూడలో మందులు కొని, తనను తీసుకురావడానికి బడికి వెళ్లాను. కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. ముందు ఒక బన్ను, ఒక తాళంకప్ప.

"బన్ను బరువు టీచర్, గింత పెద్దగుంది!"

"నీకు ఆకలైతుంది, అందుకే బన్ను అంటున్నవ్!" అన్నాడు పక్కనున్న పిల్లాడు.

ఒక పాప విసుక్కుంది. "మీరే పట్టుకొని చెప్పరాదు టీచర్!"

బన్ను ఎత్తడానికి ఏ డాక్టరూ అడ్డు చెప్పడు. అయినా మా చెల్లెలు చేతులు తీయలేదు. "నేను పట్టను బిడ్డా. నువ్వేది చెప్తే అదే నమ్ముత."

పాప రెండూ చేతుల్లోకి తీసుకుంది. కళ్లు మూసుకుంది. చేతులు మార్చి మార్చి చూసింది. అంత నిష్ఠగా నేను ఏ పూజలోనూ కూర్చోలేదనిపించింది. బడి మానెయ్యమని నేను మళ్లీ అనలేదు.

పరీక్షలు అయ్యేదాకా వెళ్లింది. ఆ తర్వాత మంచం దిగింది తక్కువే.

తను బడికి వెళ్లిన ఆ చివరి రోజు గేటు దగ్గర ఆటోలో ఎదురుచూస్తున్నాను. ఇద్దరు ఆడపిల్లలు తన సంచిని చెరోవైపు పట్టుకొని తెస్తున్నారు. ఒకతె పొడుగు, ఒకతె పొట్టి. సంచి చిన్నదాని వైపు జారుతోందని పొడుగుపిల్ల మోకాళ్లు వంచి, భుజం దించి నడుస్తోంది. అలా వంగమని ఎవరూ చెప్పలేదు. వాళ్ల వెనకాల మా చెల్లెలు ఖాళీ చేతులతో మెల్లగా వస్తోంది.