జెద్దా దాకా ఏడుపు

వెల్డింగు వెలుగు కంటికి కొట్టినప్పుడల్లా రూమ్మేటిచ్చిన మొద్దుబార్చే చుక్కలు వేసుకునేవాణ్ణి. మొద్దుబారింది కన్నొక్కటే కాదు, బుర్ర కూడా. నొప్పి పోతే కన్ను బాగైందనుకున్నాను. పరదేశీ పనివాళ్ల మీద సౌదీ సర్కారు వేసిన లెవీల దెబ్బకు కంపెనీ మనుషులను తగ్గిస్తున్న రోజులవి. డాక్టరుకు చూపిస్తే ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారని భయం.

జిజాన్ నుంచి జెద్దా వెళ్లే బస్సులో మళ్లీ సీసా తీయగానే, పక్క వరుసలోని తెలుగావిడ చటుక్కున లాక్కుంది. కంటాసుపత్రిలో నర్సట.

"ఇది పరీక్ష చేసేటప్పుడు డాక్టరు వేసే చుక్క, తమ్ముడూ. రోజూ పోస్తే నల్లగుడ్డు మీది పొర మానదు, పుండవుతుంది. చూపు పోయాక ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు ఏం చేసుకుంటావ్?"

"మంటక్కా!"

"మండనీ. దిగగానే ఆసుపత్రికి పో."

జెద్దా దాకా ఏడుస్తూనే ఉన్నాను. దిగి ఆసుపత్రికి పోయాను. కన్నూ దక్కింది, పనీ దక్కింది.

నన్నంత ఏడిపించాక ఊరుకుంటానా? ఇప్పుడు క్యాంపులో ఎవరి చేతిలో ఆ సీసా కనిపించినా లాక్కుని, ఆసుపత్రికి తోలుతున్నాను. ఏడవనీ.