యాభై అని రాసిన పేజీ

ప్రయోగశాలలో ఆయన్ని అందరూ నిదానం అనే పిలుస్తారు. అసలు పేరు జీతాల గుమాస్తాకైనా గుర్తుందో లేదో. పద్దెనిమిదేళ్లుగా అదే గది, అదే గాజు గొట్టం, అందులో తెల్లటి పొడి. చూడ్డానికి పిండిలా ఉంటుంది గానీ దాని ఒళ్లంతా కంటికానని చిల్లులే. ఆ చిల్లుల్లో అమీన్ అనే మందు పూసి ఉంటుంది. పొగ పంపితే అందులోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుంటుంది. నైట్రోజన్ పారిస్తూ నూటపది డిగ్రీలకు వేడిచేస్తే వదిలేసి, మళ్లీ పనికొస్తుంది.

"యాభైకి దిగేదాకా గాలి తగలనివ్వొద్దు. వేడి మీద గాలి తగిలిందా, మందు పాడైపోతుంది," అని కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకూ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేవాడు.

ఈసారి పొడి ఆయన మేనకోడలు చేసింది. మూడేళ్ల కష్టం. వందోసారి కూడా ఇలాగే పట్టుకుంటే ఫ్యాక్టరీ పొగగొట్టానికి ఎక్కిస్తామనీ, లేకపోతే ఆమె పరిశోధన ఇక్కడితో సరి అనీ ప్రయోగశాల నడిపే పెద్దాయన తేల్చేశాడు. తొంభైతొమ్మిది సార్లు గట్టెక్కింది.

వందోది కొలవాల్సిన మధ్యాహ్నం, ఇంకా గొట్టం చల్లారకముందే మేనకోడలు మూడుసార్లు తొంగిచూసింది.

"ఇంకెంతసేపు మామయ్యా? పెద్దాయన నాలుగింటికి వెళ్లిపోతారట."

పీక్కుపోయిన ఆ మొహం చూసి ఆయన మనసు ఆగలేదు. తొందరగా చల్లారుతుందని, నూట ఐదు దగ్గరే గాలి మర తిప్పేశాడు. ఏ దయ్యం పట్టిందో ఏమో! చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ ప్రయోగాల పుస్తకంలో రాసేసింది: గాలి తెరిచింది యాభై దగ్గర.

పొడి పసుపెక్కింది. కొలిస్తే పట్టుకున్నది సగానికి సగం పడిపోయింది. పెద్దాయన పుస్తకం తిరగేసి, "ఆయన చేతిలో తప్పు జరగదమ్మా. లోపం నీ పొడిదే," అని వెళ్లిపోయాడు. నిదానానికి నోరు పెగల్లేదు. మొదటి తప్పు కన్నా అది పెద్ద తప్పు.

మేనకోడలు సీసాలు పెట్టెలో సర్దుకుంటుంటే, అప్పుడు చెప్పాడు. "తప్పు నాదమ్మా. నూట ఐదు దగ్గర తిప్పేశాను."

ఆమె ఏడుపులోనే నవ్వింది. "నువ్వా? టీ కూడా చల్లారబెట్టుకుని తాగే మనిషివి! నన్ను ఊరడించడానికి అబద్ధాలాడకు మామయ్యా."

"నీ మీద ఒట్టు."

"పుస్తకంలో యాభై అని ఉంది కదా. నీ రాతే."

మళ్లీ చేసి చూపిద్దామంటే ఆ పొడి చెంచాడైనా మిగల్లేదు. పాడైన మందు ఎంత వేడిచేసినా తిరిగి రాదు. ఆయన పెద్దాయన గదికి పరుగెత్తాడు. తాళం వేసి ఉంది.

తిరిగొచ్చేసరికి ఆమె కాగితం రాసేసింది: తన పద్ధతిలో చేసిన పొడి వేడికి తట్టుకోలేదు. కింద సంతకం కూడా పెట్టింది. పక్కనే పరికరం నడిపినవాడి సంతకం ఉండాలి. కలం మూత తీసి మామయ్య చేతికిచ్చి, కళ్లు తుడుచుకుంటూ నిలబడింది.