పేరు కొట్టే ముందు ఫోన్ ఇవ్వండి

ఆళ్లగడ్డ పాత బస్టాండు దగ్గర కేశవులన్న పాత్రల అంగడికి పోయి మీరు స్టీలు గిన్నె కొన్నా, ఇత్తడి గుండిగ కొన్నా, దాని మీద పేరు కొట్టించుకోవాలంటే ముందు మీ ఫోన్ ఆయన చేతిలో పెట్టాలి. ఆయన కళ్లజోడు సర్దుకుని, ఐదు నిమిషాలు దాన్ని నొక్కి, ప్రకటనలు రాకుండా ఆపే యాడ్ బ్లాకర్ ఒకటి అందులో ఎక్కించి, ఫోన్ మీకిచ్చేసి, అప్పుడు మిషన్ చేతిలోకి తీసుకుంటాడు. ఫోన్ ఇవ్వనంటే పేరు కొట్టడు. సామాను మాత్రం పట్టుకుపొమ్మంటాడు.

శెట్టికి మతి చలించిందని బజారులో నవ్వుతారు. ఎదురు అంగడి నాది, ఫిలిప్ మొబైల్స్. ఆ విద్య ఆయనకు నేర్పింది నేనే. అందుకే ఎవడైనా నా ముందు నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది. ఆయన కథ తెలియక నవ్వుతారు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, నేను చెప్పుకోలేదు కాబట్టి.

కేశవులన్నకు అరవై రెండేళ్లు. తండ్రి పెట్టిన అంగడిలోనే పుట్టి పెరిగినంత పని చేశాడు. ఆయన దగ్గరుండేది నొక్కుడు ఫోన్. ఇంట్లో పెద్ద ఫోన్ కన్యకమ్మ వదినది. అనంతపురం బ్యాంకులో పనిచేసే కూతురు హిమబిందు కొనిచ్చింది. వదిన పొద్దున్నే స్నానం చేసి, దేవుడి ముందు కూర్చుని, అందులో నరసింహస్వామి స్తోత్రాలు పెద్ద అక్షరాల్లో పెట్టుకుని చదివేది. పుస్తకంలో అక్షరాలు ఆనడం మానేసి అప్పటికి రెండేళ్లయింది.

నిరుడు ఉగాది దాటాక వదినకు అన్నం సయించలేదు. నంద్యాలలో పరీక్షలు చేయించారు. డాక్టరు ఆమెను బరువు చూసుకు రమ్మని బయటికి పంపి, కేశవులన్నతో ఒక్కడితోనే చెప్పాడు. కాన్సరు. కోసే దశ దాటింది. మాత్రలు తప్పకుండా వాడితే ఏడాది, ఏడాదిన్నర.

తిరుగు బస్సులో జరిగిన మాటలు ఆయనే నాకు తర్వాత చెప్పాడు.

"ఏం చెప్పినాడు డాక్టరు?"

"అల్సర్."

"అంతేనా?"

"అంతే."

"అంతే అయితే ఆ మొగమేంది అట్ల పెట్టినావు?"

"ఎండ."

మా వైపు ఆ జబ్బు పేరు రోగి ముందు ఎత్తరు. పేరు వింటే సగం ప్రాణం అక్కడే పోతుందంటారు. మా నాయనకు మేమూ అలాగే దాచాం, కాబట్టి కేశవులన్నను తప్పుపట్టే నోరు నాకు లేదు. ఆయన హిమబిందు చేత కూడా చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. మాత్రల అట్టల మీద పేర్లు ఎవరైనా చదువుతారని, ఒక్కో మాత్రా ఊడదీసి రెండు స్టీలు డబ్బాల్లో పోశాడు. ఒకదాని మీద "పొద్దున", ఇంకోదాని మీద "సాయంత్రం" అని తనే మిషన్‌తో కొట్టాడు.

ఆ తర్వాత ఆయన చేసిన పని ఎవరైనా చేసేదే. భార్యకు వచ్చిన జబ్బు గురించి తెలుసుకోవాలనుకున్నాడు. వదిన స్నానానికి పోయినప్పుడు ఆమె ఫోన్లో వెతికేవాడు. ఏం తినిపించాలి, నొప్పి ఎప్పుడు మొదలవుతుంది, ఎన్నాళ్లు. వెతికింది చెరిపేయడం ఎలాగని నన్నడిగితే నేర్పాను. ఎందుకని నేనడగలేదు. ఆడవాళ్ల ఫోన్లో ఈయనేం చూస్తున్నాడో అని లోపల నవ్వుకున్నాను కూడా, సిగ్గు లేకుండా.

మే నెల పన్నెండు, సోమవారం. పదకొండింటప్పుడు కేశవులన్న నా అంగడిలోకి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. ఆ పొద్దున వదిన కళ్లజోడు కనబడక స్తోత్రం చదివిపెట్టమందట. ఈయన చదువుతున్నాడు. మూడో శ్లోకానికీ నాలుగో శ్లోకానికీ మధ్య ఒక ప్రకటన వచ్చింది. "కాన్సర్ చివరి దశా? భయపడకండి" అని. పక్కన నవ్వుతున్న ఒక ముసలామె బొమ్మ. ఈయన బొటనవేలితో దాన్ని పైకి తోసి నాలుగో శ్లోకం అందుకున్నాడు. ఐదో దాని కింద మళ్లీ అదే.

"చెరిపేసినా కదప్పా. నువ్వు చెప్పినట్టే చెరిపినా. మళ్ల యాడ నుంచి వస్తాండాయి?"

అప్పుడు చెప్పాడు నాకు జబ్బు సంగతి. మనం చెరిపింది మన కంటికే చెరుగుతుంది, వెతికిన సంగతి అవతల వాళ్ల దగ్గర ఉండిపోతుంది, మనిషిని పట్టి ప్రకటన పంపుతారని వివరించాను. వాటిని ఆపే యాడ్ బ్లాకర్ ఉందని కూడా అన్నాను. అని ఊరుకోకుండా పెద్ద తెలిసినవాడిలాగా, "అవి లేకుంటే ఆ సైటు నడిపేటోడు ఏం తింటాడన్నా? ఊరికే చదివిస్తాడా?" అన్నాను.

"నేనూ వ్యాపారమే చేస్తాండా ఫిలిప్పూ. నా బోర్డు నా అంగడి ముందర పెట్టుకుంటా. మంది పూజగదుల్లో దూరి, వాళ్లింట్లో ఎవరికి ఏం జబ్బుండాదో అరుస్తానా?"

అది పెళ్లిళ్ల కాలం, అంగడి నిండా జనం. ఫోన్ అయినా ఆమె నిద్రపోతున్నప్పుడు తేవాలి. "వచ్చే మంగళవారం తీసుకురా అన్నా, పోయేదేముంది," అన్నాను. ఐదు నిమిషాల పని. ఎనిమిది రోజులు ఆపాను.

ఇరవయ్యో తేదీ తెచ్చాడు. యాడ్ బ్లాకర్ ఎక్కించి స్తోత్రం పేజీ తెరిచి చూపించాను. శ్లోకం కింద శ్లోకం, మధ్యలో తెలుపు, అంతే. ఆయన చివరిదాకా జరుపుకుంటూ పోయి, మళ్లీ మొదటికి వచ్చాడు. "కడిగిన వాకిలి మాదిరి ఉండాది," అన్నాడు. ఆ రోజు ఆయన ముఖం చూసి నాకు నిజంగా సంతోషమైంది.

రెండు రోజులకు వదిన పేరున ఒక పార్సెల్ నా అంగడికి వచ్చింది. కొరియర్ వాళ్లు సందుల్లోకి పోరు, బజారు పార్సెళ్లన్నీ నా దగ్గరే పడేస్తారు. వదిన మధ్యాహ్నం వచ్చి తీసుకుంది. చీర కుచ్చెళ్లు రెండు చుట్లు ఎక్కువ తిరిగేంత చిక్కిపోయింది.

"మోకాళ్ల నొప్పుల పొడి. మీ అన్నకు చెప్పాకు. ఊరికే రాద్ధాంతం చేస్తాడు."

నోట్లో నువ్వుగింజ నానదని మా ఆవిడ నన్ను రోజూ తిడుతుంది. నా జన్మలో నేను దాచిన రహస్యాలు రెండే, ఆ రెండూ ఈ మొగుడూ పెళ్లాలవే. ఆయనది ఆమెకు చెప్పలేదు, ఆమెది ఆయనకు చెప్పలేదు. రెండూ ఒకే బుర్రలో పెట్టుకుని, ఒకదాని పక్కన ఒకటి ఉంచి చూసే తెలివి నాకు లేకపోయింది.

అలా నాలుగు పార్సెళ్లు వచ్చాయి. మూడోది తీసుకునే రోజు ఆమె వెంటనే పోకుండా నిలబడింది.

"ఫోన్లో ప్రకటనలు రావడం లేదు ఈ మధ్య. నువ్వేమన్నా చేసినావా?"

"కొత్త అప్‌డేట్ వదినా. వాటంతట అవే ఆగిపోతాయి."

"మీ అన్న చేయించినాడా?"

నేను కౌంటరు మీద చూపు దించాను. ఆమె "సరేలే. నేనడిగినానని ఆయనకు చెప్పాకు. బేజారు పడతాడు," అని మెల్లగా మెట్లు దిగింది.

శ్రావణం మొదట్లో పోయింది. ఏడాది ఉంటుందన్న మనిషి నాలుగు నెలలైనా పూర్తిగా ఉండలేదు. చివరి వారం నంద్యాల డాక్టరు రిపోర్టులు చూసి, మాత్రలు సరిగ్గా వేస్తున్నారా అని రెండుసార్లు అడిగాడట. కేశవులన్న రోజూ డబ్బాలు చూసేవాడు. రోజూ లెక్కప్రకారం తగ్గుతూనే ఉన్నాయి. వేస్తోంది సార్, అన్నాడు.

పన్నెండో రోజున బంధువులకు ఇచ్చే డబ్బాలు ఆయనే కొట్టాడు. ఊళ్లో ఎవరు పోయినా ఆ డబ్బాల మీద పేరు ఆయనే కొట్టాలి, ఈసారి కన్యకమ్మ అని కొట్టుకున్నాడు. ఇంట్లో వంటకు పెద్ద పాత్రలు కావాలని అటక ఎక్కాడు. అక్కడ పాత ఇత్తడి బిందె ఒకటి దింపితే, అడుగున మాత్రలు. పొద్దునవీ సాయంత్రంవీ కలిసిపోయి, రెండు నెలలకు పైబడినవి. వాటి మీద మూడు ఖాళీ పొడి డబ్బాలు, సగమున్నది ఒకటి. వాటిలో మొదట వచ్చిన డబ్బా తన అట్టపెట్టెలోనే ఉంది, చీటీతో సహా.

ఆ పెట్టె తెచ్చి నా కౌంటరు మీద పెట్టాడు.

"ఇది నీ దగ్గరికే వచ్చిందా?"

"వచ్చిందన్నా. మోకాళ్ల నొప్పులని చెప్పింది."

చీటీ మీద ఆర్డరు తేదీ ఉంది. మే పదిహేను. ఆయన ఆ తేదీ మీద వేలు పెట్టాడు. ప్రకటనల సంగతి ఆయన నా దగ్గరికి వచ్చి చెప్పింది పన్నెండున. నేను వాటిని ఆపింది ఇరవైన. నేను చూశాను, ఆయనా చూశాడు. నన్ను తిడితే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను.

"నేను ఆమెకు చెప్పలేదు. ఆమె నాకు చెప్పలేదు. నువ్వు ఇద్దరికీ చెప్పలేదు," అన్నాడు.

తర్వాత జేబులోంచి వదిన ఫోన్ తీసి, యాడ్ బ్లాకర్ తీసేసి ఒక్కసారి చూపించమన్నాడు. ఆమె ఏం చూసిందో తను చూడాలన్నాడు. వద్దన్నా వినలేదు. తీసేసి స్తోత్రం పేజీ తెరిచాను. రెండో శ్లోకం కిందే ఆ ముసలామె నవ్వుతూ వచ్చింది. మనిషి చచ్చిపోయి పన్నెండు రోజులైనా వాళ్లకింకా తెలియలేదు. కేశవులన్న దాన్ని నొక్కాడు. అదే డబ్బా బొమ్మ. కింద చిన్న అక్షరాల్లో ఉన్నది పైకి చదివాడు. "ఇంగ్లీషు మందులు మానేస్తేనే గుణం. ఇంట్లో వాళ్లకు తెలియనక్కరలేదు."

ఆ రెండో వాక్యం రాసినవాడు ఎవడోగానీ, మా ఇళ్లు వాడికి బాగా తెలుసు.

కేశవులన్న కళ్లు తుడుచుకుని, "నీ ఫోన్లో ఉండాదా, ఆ ఆపేది?" అన్నాడు.

ఊరందరికీ ఎక్కించే నాకు లేదు. లేదన్నాను.

"ఇటివ్వు. ఎట్ల చేయాల్నో చెప్పు. నేను చేస్తా."

ఆయన వేళ్లకు అలవాటు లేక అరగంట పట్టింది. మొదటి ఫోన్ నాది. ఆ తర్వాత ఎన్ని వందలు చేశాడో లెక్కలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అని ఆయనకూ తెలుసు. మిగతావాళ్ల చేతులు ఇంకా కాలలేదు కదా అంటాడు.

పన్నెండో రోజు డబ్బా ఒకటి నాకూ ఇచ్చాడు. దాని మీద కన్యకమ్మ అని ఉంది. మొన్న సంక్రాంతి ముందు నాకు గుండెలో ఒక రక్తనాళం మూసుకుపోయిందని కర్నూలులో తేల్చారు. ఆ సాయంత్రమే మా ఆవిణ్ణి కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. ఏడ్చింది, తిట్టింది, అన్నం పెట్టింది. నా మాత్రలు ఆ డబ్బాలోనే ఉంటాయి. అట్టల మీద పేర్లు చింపకుండా పెట్టుకున్నాను.