నీచు మానిన ఏడాది

పర్ణశాలకు ఆవల, అడవి అంచున ఉన్న చిన్న గూడెం ముత్తక్కది. ఆశ్రమ పాఠశాలలో చేరిన నెలకే డ్రిల్లు సారు రామ్‌సింగ్ కంట్లో పడింది. ప్రార్థన గంట మోగేలోపు అందుకోవాలని వాగు దగ్గర్నుంచి బడిదాకా ఆమె పెట్టిన పరుగు చూసి, ఆయన నోట్లో ఈల అట్లాగే ఉండిపోయిందట. 1986లో జిల్లా పోటీల్లో పదిహేను వందల మీటర్ల పరుగులో ముత్తక్క మొదటిది. రెండోది అదే బడి పిల్ల చాంది, కారేపల్లి దగ్గరి తండా నుంచి వచ్చింది.

ఆ వేసవి తర్వాత కొత్త వార్డెన్ వచ్చాడు. వచ్చిన మూడో రోజునే పిల్లలందరినీ నిలబెట్టి చెప్పాడు.

"ఇగ ఈ బడిల నీచు వాసన రావొద్దు. నీచు తింటే ఒళ్లు బరువెక్కుతది, బుద్ధి మొద్దుబారుతది."

వారానికొక గుడ్డు పోయింది. నెలకు రెండుసార్లు పెట్టే మాంసం కూర పోయింది. వాటి స్థానంలో ఏమీ రాలేదు. అన్నం మీద పోసే చారులో కంచం అడుగు కనిపించేది.

చాంది వాళ్లింట్లో తాతల నాటి నుంచి మాంసం ముట్టరు. ఆదివారం ఆదివారం వాళ్లమ్మ గోరి జొన్నరొట్టెలు, వేయించిన పల్లీలు, నువ్వుల లడ్డూలు, ఓ చెంబెడు పెరుగు మోసుకొచ్చేది. వార్డెన్ తానే గేటు తీయించేవాడు. "చూడుండ్రి, నీచు ముట్టని బిడ్డ గుర్రం లెక్క ఎట్ల ఉరుకుతదో!" అని అందరికీ చూపించేవాడు.

ఒక ఆదివారం ముత్తక్క తల్లి ఎర్రమ్మ కూడా వచ్చింది. టేకాకులో ఎండుచేపలు చుట్టి తెచ్చింది. వార్డెన్ ఆ పొట్లం విప్పించలేదు, పారేయించలేదు. మర్నాడు ప్రార్థనలో దాన్ని తాడుతో ముత్తక్క మెడకు కట్టించాడు. పిల్లల వైపు తిరిగాడు.

"ఏంది, నవ్వొస్తలేదా? నవ్వుండ్రి!"

నూటయాభై మంది నవ్వారు. చాంది కూడా నవ్వింది. గంటసేపు ఈగలు ముసురుతుంటే ముత్తక్క చేతులు కట్టుకుని నిలబడింది. ఆ తర్వాత అమ్మను రావద్దని తానే కబురు పంపింది.

దసరా దాటేసరికి మెట్లెక్కితే ముత్తక్కకు గుండె దడదడలాడేది. మైదానంలో రెండు చుట్లకే కాళ్లు ఇసుకలో దిగబడినట్టయ్యేవి. తెలియకుండానే చేయి బలపాల డబ్బా మీదికి పోయేది. ఒకటి కొరికితే, ఇంకొకటి. డ్రిల్లు సారుకు ఇదేమీ తెలియదు. గడియారం చూసి, "సోమరిపోతువైనవ్. ఇంకో నాలుగు చుట్లు కొట్టు" అనేవాడు. ముత్తక్క కొట్టేది. చిన్నప్పుడు తిన్న అడవిపంది మాంసం ఇంకా ఒంట్లోనే ఉండి తనను కిందికి లాగుతోందని ఆ పిల్ల నిజంగానే నమ్మింది. అది పోవాలని రాత్రి అన్నం సగం వదిలేసేది.

జనవరిలో ఖమ్మంలో పోటీలు. మూడో చుట్టులో ఆమెకు జనం మసకబారారు. చాంది ఒక చుట్టు ముందుకుపోయి, వెనకనుంచి వచ్చి ఆమెను దాటింది. ముత్తక్క ఆగలేదు. మిగిలిన దూరమంతా నడిచి, గీత దాటి, పడిపోయింది. రామ్‌సింగ్ లేపి, చెంపమీద కొట్టాడు.

"బడి ఇజ్జత్ తీసినవ్ గదనే!"

కొట్టిన చెంప ఎర్రబడలేదు. అది చూసి ఆయనే భయపడి దవాఖానాకు తీసుకుపోయాడు. డాక్టరమ్మ కింది రెప్ప లాగి చూసింది. రక్తం పరీక్ష చేయించింది.

"రక్తం పన్నెండు ఉండాల్సింది ఆరున్నది. ఏం తింటున్నవ్?"

"చారన్నం, అమ్మా."

"నీచు తినవా?"

"బడిల బంద్ చేసిండ్రు. తింటే ఉరకలేమట."

డాక్టరమ్మ రామ్‌సింగ్ వైపు తిరిగింది. "నీచు లేకున్నా ఉరకొచ్చు సార్. గని దాని జాగల పప్పు, పల్లీలు, ఆకుకూర, బెల్లం పెట్టాలె. ఈ పిల్లకు ఏం పెట్టిండ్రు?"

డాక్టరమ్మ రాసిచ్చిన చీటీని రామ్‌సింగ్ తెచ్చిస్తే, వార్డెన్ చదివి, మడిచి, సొరుగులో వేసుకున్నాడు. "రోగం పిల్లను బడిల ఉంచను" అని తండ్రి దూలయ్యను పిలిపించి పంపించేశాడు.

ఇంటిదగ్గర ఐదు నెలలు మందుబిళ్లలు మింగింది. చేపలు, మునగాకు, అలసందలు, అమ్మ ఏది పెడితే అది తింది. పెదవులకు రంగొచ్చింది. జూన్‌లో బడి తెరవగానే తండ్రిని వెంటబెట్టుకుని పొద్దున్నే నడిచివచ్చింది. అప్పటికే చాందికి హైదరాబాద్ క్రీడా హాస్టల్లో సీటొచ్చి వెళ్లిపోయింది.

"ఒక్కపారి ఉరికి చూపిస్త సారు" అంది ముత్తక్క.

వార్డెన్ నవ్వి, కానిమ్మన్నాడు. చెప్పులు విప్పి మైదానంలో దిగింది. పదిహేను వందల మీటర్లు. ఒక్కచోట కూడా కాలు తడబడలేదు. ఆఖరి చుట్టులో దూలయ్య చేతికర్ర పారేసి, పిల్లాడిలా పక్కనే పరిగెత్తాడు.

గీత దాటి, మోకాళ్లమీద చేతులుంచుకుని ముత్తక్క తలెత్తింది. రామ్‌సింగ్ గడియారం వైపే చూస్తున్నాడు. ఆయన కనుబొమలు పైకి లేచాయి. వార్డెన్ దగ్గరికొచ్చి, ఆయన భుజం మీదుగా ఆ గడియారం చూశాడు.

"మంచిగనే ఉరికినవ్. గని నీ పేరు కొట్టేసిన. సీటు లేదు" అని, లోపలికి వెళ్లిపోయాడు.

"టైమెంతొచ్చింది సారు?" అని అడిగింది రామ్‌సింగ్‌ను.

ఆయన గడియారాన్ని జేబులో వేసుకున్నాడు.

"ఎంతొస్తే ఏందిప్పుడు? పో బిడ్డా, ఎండెక్కుతున్నది."